జెనీవా మేష్టారి గొడుగు

పోయిన సంత నాడు వానలో తడిసి ముద్దయ్యాను. సంకలో గొడుగుంది. అదేమీ చిన్నాచితకా గొడుగు కాదు. విప్పితే దాని కింద ఓ పెళ్ళి చేసి, భోజనాలు కూడా వడ్డించేయొచ్చు. అలాంటి గొడుగుని విప్పకుండా చంటిపిల్లలా పొదువుకుని, నెత్తిమీది నీళ్ళు ముక్కు మీదుగా మీసాల్లోకి దిగి అక్కణ్ణించి జలపాతంలా దూకుతుండగా, నర్సీపట్నం బజారంతా నడిచి ఇంటికొచ్చాను. అరుగుల మీది వాళ్ళు నన్ను చూసి, "పాపం, ప్లీడరుగారికీ అంటుకుంది" అనుకున్నారు.

అంటించినాయన పోయి పది రోజులైంది.

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతాల చిట్టాలో తప్ప అది ఇంకెక్కడా వాడుకలో లేదు. మా ఊరి హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. ఊరంతటికీ ఆయన జెనీవా మేష్టారు. మనిషి సన్నం. ఎంత సన్నమంటే ఎదురుగాలి ఉన్న రోజుల్లో బడికి ఆలస్యమయ్యేవారు. కళ్ళద్దాలు మాత్రం మహా లావు. వాటి వెనక ఆయన కళ్ళు గాజుతొట్టిలో చేపల్లా ఈదుతుండేవి. ఆ చేపలు మన వైపు చూస్తున్నట్టే ఉండేవి గాని, నిజానికి మన వెనకాల ఆరువేల మైళ్ళ అవతల ఉన్న ఏదో సరిహద్దు గీతని చూస్తుండేవి.

మహాయుద్ధం అయ్యాక దేశాలన్నీ జెనీవాలో ఒక బల్ల చుట్టూ చేరి మాట్లాడుకుంటున్నాయన్న సంగతి మనందరం పేపర్లో చదివి, ఆ పేపరు మడిచి అందులో పకోడీలు కట్టించుకున్నాం. మేష్టారు మాత్రం దాన్ని సొంతింటి శుభకార్యంలా తీసుకున్నారు. మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరు రైలు దిగి, బస్సెక్కి, బస్సు దారిలో చెడిపోతే ఎడ్లబండెక్కి, రెండ్రోజులు ఆలస్యంగా ఆయన గుమ్మం తొక్కేది. కాబట్టి ఆయన బుధవారాన్ని శుక్రవారం బతికేవారు. శుక్రవారం మొహం వేలాడేసుకుని కనిపించారంటే, బుధవారం డాంజిగ్‌లో ఏదో అయిందని అర్థం. "కులాసానా మేష్టారూ" అని పలకరిస్తే, "ఏం కులాసా అండీ, విల్నాకి చాలా అన్యాయం జరిగింది" అనేవారు. మా కిరాణా శెట్టిగారు ఆ విల్నా అనే పట్నాన్ని మేష్టారి దూరపు చుట్టం కాబోలు అనుకుని, నెల్లాళ్ళపాటు ఆవిడ ఆరోగ్యం కనుక్కున్నారు.

మేష్టారి వీధరుగు మీద ఐరోపా ఉండేది. పటం కొనుక్కోవచ్చు కదా అంటే, పటం అచ్చయి ఓడెక్కి వచ్చేలోపు అందులో రెండు దేశాలు మారిపోతున్నాయని ఆయన ఫిర్యాదు. అందుకని రోజూ తెల్లారగట్ల మేష్టారి భార్య అరుగు కళ్ళాపి చల్లి, ముగ్గుపిండితో ఐరోపా వేసేవారు. లోకంలో తక్కిన ఇల్లాళ్ళు పద్మాలూ రథాలూ వేసుకుంటుంటే, ఈ మహాతల్లి ఇటలీని కాలు చాపించి, నార్వేని వంపు తిప్పి, చివర ఇంగ్లండుకి ఓ చుక్క పెట్టి లేచేవారు. ఎక్కడ తగువుందో అక్కడ మేష్టారు చింతగింజలు పోసేవారు. ఎనిమిది గంటలకల్లా పక్కింటి కోడిపెట్ట వచ్చి బాల్కన్లని ఆక్రమించేది.

నేను చెవులారా విన్న సంభాషణ ఇది.

"ఇదిగో, ఇవాళ పోలెండు కాస్త లావుగా వచ్చిందే," అన్నారు మేష్టారు వంగి చూస్తూ.

"పిండి ముద్దగా ఉందండీ. రేపు తగ్గిస్తాను లెండి."

"రేపటి దాకానా? జర్మనీ వాళ్ళు చూస్తూ ఊరుకుంటారా?"

"చూడలేకపోతే వాళ్ళనే వచ్చి కళ్ళాపి చల్లుకోమనండి," అని ఆవిడ ముగ్గుబుట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన ఊరికే చదివే మనిషి కాదు. రాసేవారు కూడా. మద్రాసు పత్రికలకీ, సముద్రాల అవతలి పత్రికలకీ వ్యాసాలు పంపేవారు. అవి తిరిగొచ్చేవి, మళ్ళీ పంపేవారు. ఆ వ్యాసాలు తిరిగినంత దూరం మా జిల్లాలో ఏ మనిషీ తిరగలేదు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చోబెట్టి నాకు సారాంశం చెప్పేవారు.

"తగువు ప్రాంతాల గురించి రాసే పండితులు ఈ రోజుల్లో మూడు రకాలండీ. గీత పండితులున్నారు. కొండో నదో చూసి గీత గీసేస్తే తగువు తీరిపోతుందంటారు. పెట్టె పండితులున్నారు. అక్కడుండే జనం చేతే పెట్టెలో ఓటు వేయించి, వాళ్ళు ఎటంటే అటు కలపాలంటారు. కాపలా పండితులున్నారు. జనం వేడి మీదున్నారు, కొన్నేళ్ళు జెనీవా వాళ్ళే ఆ చోటుని చూసుకోవాలి, జర్మనీ అంచున సార్ అనే లోయని చూసుకుంటున్నట్టు, అంటారు."

"మీరే రకం?"

"పెట్టె," అన్నారు ఆయన, గోత్రం చెప్పినంత నిబ్బరంగా. "అడిగితే చెప్తారండీ మనుషులు. ఎవరూ అడగరు, అదీ గొడవ."

ఈ మాట ఆయన రోజుకి నూటపదహారుసార్లు అనేవారు. ఊరు నవ్వేది. కర్ర పట్టుకున్నవాణ్ణి కూర్చోబెట్టి నీ అభిప్రాయమేమిటి అని అడిగే పిచ్చిమేష్టారని బడిపిల్లల నుంచి తాలూకా కచేరీ గుమాస్తాల దాకా నవ్వేవారు. ఆయన నొచ్చుకునేవారు కాదు. "ఒక్కచోట, ఒక్కసారి జరిగితే కళ్ళారా చూడాలని ఉందండీ" అనేవారు.

ఆ ఒక్కచోటు, జర్మనీ పోలెండుల మధ్య ఓటు పెట్టి తగువు తీర్చిన సైలీషియా కాలేదు. మా గొలుగొండ దారిలో తేలింది.

అక్కడ రెండూళ్ళున్నాయి. పేర్లెందుకు, ఎగువూరు, దిగువూరు అనుకుందాం. రెంటికీ మధ్య ఒక గెడ్డ పారుతుంది, అదే పొలిమేర. గెడ్డ ఒడ్డున వారం వారం సంత. కొండల మీంచి చింతపండూ పసుపూ చీపుళ్ళూ కావిళ్ళతో దిగుతాయి. కింద నుంచి ఉప్పూ బట్టలూ ఎక్కుతాయి. ఇలా ఉండగా మా తాతల నాటి ఓ వరదకి గెడ్డ నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు ఇటు నుంచి అటు తిరిగి పడుకుంది. నిన్నటిదాకా దిగువూరి వైపున్న సంత బయలు తెల్లారేసరికి ఎగువూరి వైపుకి వచ్చేసింది. కోర్టుకెక్కిన ఆ తగువు మీద మా నాన్నగారు ఇల్లు కట్టారు. నేను మేడ వేశాను. ఇంతకన్నా దాని ఘనత చెప్పనక్కర్లేదు.

మన్యంలో పితూరీ చల్లారి పోలీసు పటాలాలు వెళ్ళిపోయిన మరుసటేడు ఈ తగువు కర్రల దాకా వచ్చింది. ఈసారి సంతలో ఒక్క తల పగిలినా సంతనే ఎత్తించేస్తామని తాలూకా కచేరీ నుంచి కబురొచ్చింది. రెండూళ్ళ పెద్దనాయుళ్ళూ మా వసారాలో కూర్చున్నారు. వాళ్ళిద్దరూ బావా బావమరుదులు. అందువల్ల తిట్లు కూడా వరస తప్పకుండా తిట్టుకునేవారు.

"ఈ కోర్టులు మా మనవలికి కూడా తెమలవండి. మీ ఊర్లో ఏదో దేశాల తగువులు తీర్సీ మేష్టారున్నారంట గదా. ఆయన్ని అడుగుదారి," అన్నాడు ఎగువూరి నాయుడు.

"అడుగు బావా. ఓడిపోయినాక మళ్ళీ ఏడవకు," అన్నాడు దిగువూరి నాయుడు.

నేను తీసుకెళ్ళి అప్పగించాను. మేష్టారి కళ్ళద్దాల్లో రెండు చేపలూ ఎగిరి గంతేశాయి. షరతులు కుదిరాయి. సంత నాడు ఓటింగు. గెలిచిన ఊరు బయలుకి కంచె వేసుకుంటుంది, ఓడినవాళ్ళు ఇక ఆ గట్టు తొక్కరు. ఎవరు ఓటు వెయ్యాలన్నది మేష్టారు ముందే తేల్చిపెట్టుకున్నారు. సైలీషియాలో ఆ గడ్డ మీద పుట్టినవాళ్ళు ఎక్కడ కాపురమున్నా వచ్చి ఓటేశారట. ఇక్కడా అంతే, రెండూళ్ళలో పుట్టినవాళ్ళందరికీ ఓటు.

ఆయన భార్య ఇంగ్లండు చుక్క పెడుతూ తలెత్తి అడిగారు. "పుట్టినవాళ్ళంటే ఆడపిల్లలు కూడానా అండీ?"

"వాళ్ళు పుట్టలేదా ఏమిటి?"

"పుట్టేరండీ. పెళ్ళిళ్ళు కూడా అయ్యేయి. ఆ రెండూళ్ళ వాళ్ళూ పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటారు. అది చూసుకున్నారా?"

మేష్టారు చూసుకోలేదు. ఐరోపా పండితులెవ్వరూ ఆ సంగతి రాయలేదు మరి.

సంత నాడు తెల్లారేసరికి దారులన్నీ గూడుబళ్ళే. రోలుగుంట నుంచి, నాతవరం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో రెండూళ్ళూ తమ ఆడపడుచుల్ని దించుతున్నాయి. తీరా చూస్తే ఎగువూరిలో పుట్టినవాళ్ళలో సగం మంది దిగువూరి కోడళ్ళు, దిగువూరిలో పుట్టినవాళ్ళలో సగం మంది ఎగువూరి కోడళ్ళు. అన్నలు బండి కట్టి తెచ్చారు గనక అటు వెయ్యాలి. మొగుళ్ళు ఇంట్లో కూడు పెడుతున్నారు గనక ఇటు వెయ్యాలి. వాళ్ళు మాత్రం అవేవీ పట్టనట్టు, ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుని, పిల్లల్ని మార్చి మార్చి ఎత్తుకుని, కాకుల గుంపు కూడా సిగ్గుపడేంత గోల చేస్తున్నారు.

ఒక గూడుబండి వెనకాల రెండు కుండలు పెట్టారు. పసుపు పూసింది ఎగువూరిది, సున్నం పూసింది దిగువూరిది. మనిషికో చింతగింజ, ఐరోపా అరుగు మీద తగువులు కాసిన గింజలే అవి. కుండల దగ్గర కాపలాకి ఏ ఊరికీ చెందని మనిషి కావాలని, కొండ మీంచి పసుపు కావిడితో దిగిన ఒకాయన్ని మేష్టారు స్విట్జర్లాండు చేసి కూర్చోబెట్టారు. "కుండల వైపు చూడొద్దు. ఓట్ల మీద చెయ్యి వెయ్యొద్దు. సరేనా?" అన్నారు. ఆయన సరేనని అటు తిరిగి చుట్ట వెలిగించాడు. ఎండకి కుండలు పగులుతాయేమోనని మేష్టారు తన గొడుగు విప్పి వాటి మీద నీడగా నిలబెట్టి ఇవతలికొచ్చారు.

ఇటు ఎగువూరి కర్రలు, అటు దిగువూరి కర్రలు. మధ్యన మేష్టారు. నాలుగైదేళ్ళుగా ఊరంతా నవ్విన మాటొకటి ఆ పూట నిలబడాలో పడిపోవాలో తేలిపోతుంది. "అడిగితే చెప్తారండీ," అన్నారు మెల్లిగా, నాతో కాదు, తనతోనే.

సాయంత్రానికి ఓటింగు అయింది. మేష్టారు, ఇద్దరు నాయుళ్ళు, నేను బండి వెనక్కి వెళ్ళాం. పసుపు కుండలో గింజలున్నాయి, సున్నం కుండలో గింజలున్నాయి. రెండూ కలిపినా అడుగు దాటలేదు. రెంటి మధ్యా గొడుగు వెల్లకిలా పడి ఉంది. దాని నిండా గింజలు.

"ఇదేమిటి?" అన్నారు మేష్టారు.

స్విట్జర్లాండు చుట్ట తీశాడు. "గాలికి తిరగబడింది బాబూ. సరిసేద్దారనుకునేతలికి అందులో గింజలు పడ్డాయి. ఓట్ల మీద సెయ్యెయ్యొద్దన్నారు గదా మీరు."

"ఎవరు వేశారు?"

"నాను అటు తిరిగి కూకున్నాను బాబూ."

దిగువూరి నాయుడు కర్ర నేలకేసి కొట్టాడు. "సెల్లవు. గొడుగులోయి సెల్లవు. కుండల్లోయే లెక్కెట్టండి."

"లెక్కెట్టండి," అన్నాడు ఎగువూరి నాయుడు. మూడు తరాల్లో ఆ ఇద్దరి మాటా కలవడం అదే మొదటిసారి.

మేష్టారు గొడుగుని రెండు చేతులా ఎత్తి జనంలోకి తెచ్చారు. "ఇవి ఎవరు వేశారని అడగను. ఎందుకు వేశారో ఎవరైనా చెప్తారా?" అని అడిగారు. మగాళ్ళు ఆడవాళ్ళ వైపు చూశారు. ఆడవాళ్ళు గెడ్డ వైపు చూశారు. చివరికి ఒకావిడ నోట్లోని అడ్డపొగ చుట్ట తీసి ముందుకొచ్చింది. ఎగువూరి నాయుడి చెల్లెలు, దిగువూరి నాయుడి పెళ్ళాం.

"ఎవురేసినారో నాకేటి తెలుసు బాబూ. ఏసినోలు ఎందుకేసినారో అయితే సెప్పగల్ను."

"నోర్ముయ్యే," అన్నాడు మొగుడు.

"ఆయన అడిగినారు, సెప్తన్నాను. నువ్వెప్పుడైనా అడిగినావేటి?" అని మేష్టారి వైపు తిరిగింది. "నన్ను పుట్టింటికి ఏడాదికోపాలి పంపుతారు బాబూ, అదీ ఏడిస్తే. మాయమ్మకి మోకాళ్ళు ఒంగవు. సంత దాకా అయితే కర్రూతమేసుకుని వస్తాది. వారానికోపాలి ఆవిడ పక్కన కూకుని రెండు మాటలాడుకుంటాను. ఈలు కంచేసీసినాక ఏ ఊరు గెలిస్తే నాకేటి? మాయమ్మ ఆ పక్క, నాను ఈ పక్క. ఈ ఆడోల్లందరిదీ అదే కత. రెండు కుండలెట్టినారు గాని, మాకు కావలసిన కుండ ఎట్టనేదు మీరు."

గుంపులో చివర్న ఒక ముసలావిడ కర్ర మీద గడ్డం ఆనించి వింటోంది. ఆవిడ ఇద్దరు నాయుళ్ళలో ఒకడికి తల్లి, ఒకడికి అత్త. ఇద్దరూ అటు చూసి, ఇద్దరూ తల దించుకున్నారు.

మేష్టారు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచారు. ఇంకే పండితుడైనా అయితే చెల్లని ఓట్లని పక్కకి నెట్టి కుండలు లెక్కపెట్టి ఉండేవాడు. పుస్తకాలన్నీ అలాగే చెప్తున్నాయి మరి. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, అందరికీ వినిపించేలా అన్నారు. "గొడుగు గెలిచింది."

"గొడుక్కి బూమెలాగిత్తారండి?" అన్నాడు ఎగువూరి నాయుడు.

"ఎవరికీ ఇవ్వం. ఈ బయలు ఎవరిదీ అని ఇన్నాళ్ళూ మీరూ అడిగేరు, నేనూ అదే అడిగేను. ఇక్కడ ఎవరు ఎవర్ని కలుసుకుంటున్నారూ అని అడగవలసింది. ఇది సంతది. కంచె ఉండదు. కర్రతో ఎవరూ రాకూడదు, ముసలివాళ్ళు తప్ప."

"రేపెవుడైనా కాదంటే?"

మేష్టారు గింజలతో సహా గొడుగు మూసి, పట్టీ బిగించి కట్టారు. "ఓట్లు ఇందులోనే ఉంటాయి. ప్రతి సంతకీ తీసుకొస్తాను. ఎవరికి అనుమానమొస్తే వాళ్ళు చెప్పండి. వేసినవాళ్ళందరినీ పిలిచి, ఇక్కడే విప్పి, మళ్ళీ అడుగుదాం."

ఆడవాళ్ళని పిలిచి మళ్ళీ అడగడమన్న మాటకి రెండూళ్ళ మగాళ్ళూ జడుసుకున్నంత ఇదిగా పితూరీనాడు తుపాకులకి కూడా జడుసుకోలేదు. ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పటిదాకా రాలేదు. మా మేడ మీద రెండో గది అలా సగంలోనే ఆగిపోయింది.

తర్వాత మేష్టారు ఈ సంగతంతా వ్యాసంగా రాసి, మద్రాసులో పెద్ద పండితుల సభలో చదివి వచ్చారు. ఎలా జరిగిందని అడిగాను.

"నవ్వేరండీ. బాగా నవ్వేరు. నవ్వడం అయ్యేక ఒకాయన లేచి, సైలీషియాలో మూడో కుండ పెట్టి ఉంటే ఏమయ్యేదంటారు అని అడిగేడు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు."

ఆ వ్యాసం అచ్చయిందో లేదో నాకు తెలియదు. కాని ఆ రోజు నుంచి ఆయన ఏ సంతా తప్పలేదు. జ్వరమొచ్చినా, బస్సు చెడినా, కాలినడకనైనా వెళ్ళేవారు. గొడుగు సంకలోనే ఉండేది. ఎండకి మాడేవారు, వానకి నానేవారు, దాన్ని మాత్రం విప్పేవారు కాదు. ఇంకో గొడుగు కొనుక్కోకూడదా అంటే, "రెండు గొడుగులుంటే ఏది అసలుదని తగువొస్తుందండీ" అనేవారు. ఊరు మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. కాని సంత బయల్లో కూర్చున్న ఆడవాళ్ళు దూరాన ఆ సన్నటి మనిషీ, ఆ మూసిన గొడుగూ కనపడగానే కాస్త స్థిమితంగా చాపల మీద సర్దుకుని కూర్చోవడం నేను చూశాను. జెనీవాలో అంతమంది రాయబారులు చేరి ఏ ఒక్క తల్లీకూతుళ్ళకైనా అంత స్థిమితం ఇచ్చారో లేదో నాకు తెలియదు.

ఆయన పోయాక అరుగు మీద ముగ్గు లేదు. ఐరోపా ఒట్టి మట్టి అయి పడుంది. పోయిన వారం నేను వెళ్తే, మేష్టారి భార్య లోపల్నించి గొడుగు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఎల్లుండి సంతండీ ప్లీడరుగారూ. నేను వెళ్ళే స్థితిలో లేను. గొడుగు వెళ్ళాలి."

వెళ్ళాను. సగం దారిలో వాన పట్టుకుంది. గెడ్డ దాటేసరికి నేను మనిషిని కాదు, పిండని బట్టని. ఇద్దరు నాయుళ్ళూ ఒకే పాక కింద నిలబడి నన్ను చూస్తున్నారు, నన్నంటే నన్ను కాదు, నా సంకలోకి. గొడుగు మూసే ఉందని చూసుకుని చూపు తిప్పుకున్నారు.

దిగువూరి నాయుడి పెళ్ళాం చింతపండు బుట్టల దగ్గర కూర్చుని ఉంది. వాళ్ళమ్మ ఇప్పుడు లేదు. ఇప్పుడు ఈవిడ కూతురే ఎగువూరి కోడలైంది; ఇద్దరూ ఒక గోనెపట్టా మీద ఆనుకుని కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆవిడ లేచి, తలమీది తాటాకు గిడుగు తీసి పట్టుకుని వానలోకి వచ్చింది. పాపం, నా అవస్థ చూసి జాలిపడిందనుకుని తల వంచాను.

ఆవిడ గిడుగు నా తల మీద పెట్టలేదు. నా సంకలోని గొడుగుకి అడ్డం పట్టింది.

"జరగండి బాబూ, ఓట్లు తడిసిపోతన్నాయి," అంది.